కుంటుతున్న గుర్రానికి నాటు మందు వాడవచ్చా? పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. మా నాన్నగారి కాలంలో మాకు జట్కా బండి ఉండేది. ఇప్పుడు పెళ్లి ఊరేగింపులకు, ఉత్సవాలకు గుర్రాన్ని తోలుకొని వెళ్లి జీవనం సాగిస్తున్నాము. మా ఆడ గుర్రానికి పన్నెండేళ్లు. మూడు వారాల కిందట కుంటడం మొదలుపెట్టింది. ముందు కాళ్లు రెండూ మార్చి మార్చి పెడుతోంది, నిలబడినప్పుడు ఒళ్లంతా వెనక్కు వాల్చుకొంటోంది. పశువుల డాక్టరు గారు ఐదు రోజులకు ఫినైల్‌బ్యూటజోన్ పొడి ఇచ్చారు. వాడినన్ని రోజులు బాగుంది, ఆపగానే మళ్లీ మొదటికి వచ్చింది. ఆ మందు ఎక్కువ రోజులు ఇస్తే కడుపులో పుండ్లు పడతాయని విని భయపడుతున్నాము. మా ఊళ్లో ఒక పెద్దాయన ఉమ్మెత్త ఆకు నూరి గిట్ట పైన కట్టమని, నల్లజీడి నూనె పూయమని, పసుపు, మిరియాలు, వెల్లుల్లి తవుడులో కలిపి పెట్టమని చెబుతున్నారు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో 'డెవిల్స్ క్లా' అనే విదేశీ మూలిక పొడి తెప్పించాడు. మూలిక కాబట్టి ఏ హానీ ఉండదని డబ్బా మీద రాసి ఉంది. బ్యూటజోన్‌తో పాటు దీనిని కూడా ఇవ్వవచ్చా? వైశాఖంలో ముహూర్తాలు ఒప్పుకొని ఉన్నాము.

సమాధానం: మీరు మందుల గురించి అడిగారు గాని, మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు గుర్రం నిలబడే తీరు దగ్గర ఆగిపోయింది. ముందు కాళ్ల మీద బరువు పడకుండా ఒళ్లు వెనక్కు వాల్చడం, కాళ్లు మార్చి మార్చి పెట్టడం, రెండు కాళ్లలోనూ ఒకేసారి నొప్పి కనబడడం, ఇవి మూడూ కలిస్తే గిట్ట లోపలి వాపును, అంటే లామినైటిస్ అనే జబ్బును, ముందుగా అనుమానించాలి. గిట్టలోని ఎముకను బయటి కొమ్ము గోడకు పట్టి ఉంచే సున్నితమైన పొరలు ఈ జబ్బులో వాచి పట్టు సడలిపోతాయి. ముదిరితే ఆ ఎముక తన చోటు తప్పి అరికాలి వైపు దిగిపోతుంది. గుర్రాన్ని చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయడం నాకు తగదు. అయినా మీరు ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయవచ్చు. గిట్ట వేడిగా ఉందేమో అరచేతితో తాకి చూడండి. గిట్టకు కొంచెం పైన, కాలి వెనుక భాగంలో రెండు వైపులా వేలు ఆనించి చూడండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి అక్కడ నాడి వెతికితే గాని దొరకదు. లామినైటిస్ ఉన్నదానికి వేలి కింద ఎగిరెగిరి కొడుతుంది.

దాణా సంగతి మీరు రాయలేదు. నానబెట్టిన ఉలవలు, తవుడు, ఊరేగింపులో ముచ్చటపడి పెళ్లివారు పెట్టే లడ్డూలు, అరిసెలు, బెల్లం ముక్కలు, ఇవన్నీ కలిపి లెక్క వేయండి. ఒక్కసారిగా పిండిపదార్థం, తీపి ఎక్కువగా తినడం ఈ జబ్బుకు పెద్ద కారణాలలో ఒకటి. మందు వాడినన్ని రోజులు బాగుండి ఆపగానే తిరగబెట్టడానికి అర్థం మందు చాలలేదని కాదు, కారణం ఇంకా అక్కడే ఉందని. నొప్పి తెలియకుండా చేసి, వరుణ్ణి ఎక్కించి, తారు రోడ్డు మీద గంటల తరబడి నడిపిస్తే ఆ సడలిన పొరలు మరింత చిరుగుతాయి. నొప్పి అనేది ఆ కాలు మీద బరువు వేయవద్దని గుర్రానికి అందే హెచ్చరిక. దానిని అణచి పని చేయించడానికి ఏ మందు వాడినా, అది కంపెనీ మందైనా చెట్టు మందైనా, ఫలితం ఒక్కటే.

ఇక ఫినైల్‌బ్యూటజోన్ గురించి. 1949లో దీనిని మనుషుల కీళ్లవాతానికి వాడడం మొదలుపెట్టారు. తరువాత ఎముక మూలుగలో రక్తం తయారు కావడాన్నే దెబ్బతీస్తున్నదని తేలడంతో చాలా దేశాలలో మనుషుల వైద్యం నుంచి తప్పించారు. గుర్రాల వైద్యంలో మాత్రం నేటికీ నిలిచి ఉంది, ఎందుకంటే ఎముకలు, కీళ్లు, గిట్టల నొప్పికి బాగా పనిచేస్తుంది, ఖరీదూ తక్కువ. శరీరంలో నొప్పిని, వాపును పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాల తయారీని ఇది ఆపుతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అవే పదార్థాలు కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూస్తాయి. కాబట్టి నొప్పి తగ్గించే చేతితోనే ఈ మందు ఆ రక్షణను కూడా తగ్గిస్తుంది. గుర్రం కడుపులో మేత ఉన్నా లేకున్నా రాత్రింబగళ్లు ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఊరేగింపు రోజున పొద్దుటి నుంచి మేత లేకుండా కట్టి ఉంచి, సాయంత్రం ఖాళీ కడుపులో ఈ పొడి పోస్తే పుండు పడడంలో వింత లేదు. కడుపులోనే కాక పెద్దపేగులో కూడా పుండ్లు పడతాయి. అందువల్ల ఒమెప్రజోల్ వంటి కడుపు మందు తోడుగా ఇస్తున్నాము కదా అని ధైర్యపడకూడదు, అది కడుపును కాపాడుతుందే గాని పెద్దపేగును కాపాడదు.

నేను చూసిన ప్రమాదాలలో ఎక్కువ వాటికి మూలం తూకం తెలియకపోవడం. ఇంట్లోనే ఒక టేపుతో గుర్రం బరువు అంచనా వేయవచ్చు. ముందు కాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలతను, భుజం మొన నుంచి పిరుదు మొన వరకు ఒంటి పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, వచ్చినదానిని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలలో బరువు వస్తుంది. చుట్టుకొలత 150, పొడవు 140 ఉన్న మన ఊరి గుర్రం సుమారు 265 కిలోలు తూగుతుంది. మొదటి రోజు దాటిన తరువాత బ్యూటజోన్‌ను రోజు మొత్తానికి కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు మించనీయకూడదు. ఆ లెక్కన అటువంటి గుర్రానికి రోజుకు దాదాపు 1,170 మిల్లీగ్రాములు వస్తుంది. 450 కిలోల పందెపు గుర్రానికి సరిపోయే 2 గ్రాములను దీనికి పోస్తే కిలోకు 7.5 మిల్లీగ్రాములు పడుతుంది. ఈ మందులో మేలు చేసే మోతాదుకు, కీడు చేసే మోతాదుకు మధ్య ఎడం చాలా తక్కువ. పొట్టి జాతులకు ముప్పు ఇంకా ఎక్కువ.

రెండవది నీరు. వైశాఖ, జ్యేష్ఠాలలో నెల్లూరు ఎండ ఎటువంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. చెమటతో నీరు కోల్పోయిన గుర్రానికి ఈ జాతి మందులలో ఏది ఇచ్చినా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. దాణా వదలివేయడం, పళ్లు కొరకడం, పేడ పలచబడడం, పొట్ట కింద నీరు దిగి వాయడం, వీటిలో ఏది కనబడినా ఆ పూటే మందు ఆపి డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు డబ్బాలోని పొడి సంగతి. డెవిల్స్ క్లా అనేది ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగాన ఉన్న కలహారి ఎడారి ప్రాంతంలో పెరిగే మొక్క దుంప. అందులోని హార్పగోసైడ్ అనే పదార్థానికి వాపు తగ్గించే గుణం ఉందని చెబుతారు. ఆ గుణం నిజమే అయితే అది మందే, మందుకు పెట్టే ఆంక్షలన్నీ దానికీ పెట్టాలి. ఆ గుణం లేకపోతే మీ అబ్బాయి డబ్బు దండగ. మూలిక గనుక హాని లేదనే మాట ఈ రెండింటిలో దేనికీ పొసగదు. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య పోటీల సమయంలో హార్పగోసైడ్ గుర్రం ఒంట్లో ఉండకూడదని నియంత్రణ పెట్టిందంటే, అది శరీరం మీద పనిచేయగలదని అనుకోబట్టే కదా. కడుపులో పుండ్లు ఉన్నవాటికి, చూలుతో ఉన్నవాటికి దీనిని ఇవ్వకూడదు. బ్యూటజోన్‌తో కలిపి అసలే వద్దు. ఇటువంటి పొడులలో విల్లో చెట్టు బెరడు కూడా కలుపుతారు. అందులోని సాలిసిన్ శరీరంలో సాలిసిలేటుగా మారుతుంది, అది ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. అంటే ఒక నొప్పి మందు మీద ఇంకొకటి పోసినట్లే. ఈ జాతి మందులు రెండు కలిపినప్పుడు నొప్పి తగ్గడం రెండింతలు కాకపోగా పుండ్లు మాత్రం పెరుగుతాయి. ఒకదాని నుంచి మరొకదానికి మారేటప్పుడు కూడా డాక్టర్లు సాధారణంగా ఒకటి రెండు రోజుల వ్యవధి ఇస్తారు. పేరు లేని పొట్లాలలో అమ్మే నాటు పొడుల విషయంలో ఇంకొక అనుమానం కూడా పెట్టుకోండి. మనుషులకు అమ్మే కీళ్లనొప్పుల చూర్ణాలలోనే స్టిరాయిడ్ మాత్రలు నూరి కలిపిన ఉదంతాలు బయటపడ్డాయి. స్టిరాయిడ్ లామినైటిస్‌ను ముదరబెట్టగలదు.

పెద్దాయన చెప్పిన వాటిలో ఉమ్మెత్తను నేను గట్టిగా వద్దంటాను. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషాలు ఉంటాయి. వాటి వల్ల పేగుల కదలిక ఆగిపోతుంది. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. పేగు కదలక గాలి నిండితే అది శూలగా పరిణమించి ప్రాణం మీదికి వస్తుంది. కట్టు పైపైనే కదా అంటారేమో, కట్టిన ఆకును గుర్రం నోటితో పీకి నమలదని ఎవరు పూచీ? కంటి పాపలు పెద్దవై, నోరు ఎండి, పేడ వేయడం మానితే విషం ఎక్కినట్లే. నల్లజీడి నూనె చాకలి గుర్తులు పెట్టే రసం, చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. ఆ మంటకు గుర్రం అసలు నొప్పిని మరచినట్లు కనబడుతుంది, అంతే. కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం కూడా ఇదే కోవకు చెందుతుంది. పైగా ధనుర్వాతానికి గుర్రం అంత తేలికగా లోనయ్యే పెంపుడు జంతువు మరొకటి లేదు, ప్రతి పుండూ దానికి ఒక తలుపే. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. గన్నేరు ఆకు అయితే కొద్దిపాటిదే గుండెను ఆపుతుంది, దానిని గుర్రపుసాల దరిదాపులకు కూడా రానీయకండి. వెల్లుల్లి, ఉల్లి రోజూ ఎక్కువగా పెడితే ఎర్ర రక్తకణాలు చితికి రక్తహీనత వస్తుంది.

పసుపు మీద నాకు పగ లేదు. తవుడులో చెంచాడు పసుపు కలిపినంత మాత్రాన గుర్రం చావదు. కాకపోతే పసుపులోని కర్‌క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం కనుక, గిట్ట లోపలి వాపును అది తగ్గిస్తుందని ఆశపడవద్దు. రంగు కోసం సీసపు రసాయనం కలిపిన కల్తీ పసుపు కంటే ఇంట్లో కొమ్ములు దంచుకొన్నదే నయం. వావిలాకు కాపడం మన పెద్దలు ఇచ్చిన మంచి ఉపాయం. పాత దెబ్బల బిగువుకు, కండరాల పట్టుకు నేను కూడా చెబుతుంటాను, వేడిని ముందు మీ మోచేతి లోపలి వైపు చూసుకొని పెడితే చాలు. అయితే వేడిగా ఉన్న గిట్టకు వేడి కాపడం పనికిరాదు, అక్కడ కావలసింది చల్లదనం. లామినైటిస్ మొదటి రెండు మూడు రోజులలో మోకాలి దాకా ఐసు నీటిలో కాళ్లు ఉంచడం వల్ల కలిగే మేలు ఏ పొడి వల్లా కలగదు. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన జిల్లాలో ఐసు ఫ్యాక్టరీలకు కొదవ లేదు గాని, మూడు వారాలు గడిచిన మీ గుర్రానికి ఆ అదను చాలావరకు దాటిపోయింది. మరోసారి ఉద్ధృతంగా లేచినప్పుడు గుర్తుంచుకోండి.

మీరు వెంటనే చేయవలసినది, లాడాలు తీయించి, అరడుగు లోతున మెత్తని పెన్నా ఇసుక పరచి దాని మీద గుర్రాన్ని ఉంచడం. ఇసుక అరికాలంతటికీ ఆసరా ఇస్తుంది. మేత మాత్రం ఇసుక మీద వేయకండి, తొట్టిలో వేయండి, లేకుంటే ఇసుక కడుపులో చేరి శూల వస్తుంది. ఉలవలు, తవుడు, తీపి పూర్తిగా ఆపి గడ్డి, నీరు దండిగా పెట్టండి. గిట్టలకు ఎక్స్‌రే తీయిస్తే ఎముక ఎంతవరకు తిరిగిందో తెలుస్తుంది. దానిని బట్టే గిట్ట చెక్కే పద్ధతి నిర్ణయించాలి. తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో అడిగి, వీలైతే అక్కడికి తీసుకొని వెళ్లండి. నొప్పి మందు ఇంకా కొన్నాళ్లు అవసరమైతే ఫిరోకోక్సిబ్ అనే మందు గురించి మీ డాక్టరు గారితో మాట్లాడండి. కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున రోజుకు ఒక్కసారి ఇచ్చే ఈ మందు కడుపు పొర మీద బ్యూటజోన్ అంత ఒత్తిడి పెట్టదు. హాని బొత్తిగా లేనిది కాదు, తక్కువ, అంతే. వైశాఖపు ముహూర్తాలకు మాత్రం వేరే గుర్రాన్ని మాట్లాడుకోండి. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది కందుకూరు ప్రాంతం. మాకు బండలాగుడు పందేలకు వెళ్లే ఒంగోలు గిత్తలు ఉన్నాయి. పిల్లలు ముచ్చటపడితే ఒక చిన్న గుర్రాన్ని కూడా కొన్నాము. గిత్తలకు బెణుకులకని తెచ్చిన కెటోప్రొఫెన్ సూది మందు పాతది ఇంట్లో ఉంది. మనుషుల మందుల షాపులో డైక్లోఫెనాక్ కూడా దొరుకుతుంది. గుర్రానికి బెణికినప్పుడు వీటిని కండకు పొడిపించవచ్చా?

సమాధానం: రెండూ వద్దు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన ప్రభుత్వం 2006లోనే నిషేధించింది. మందు వేసిన పశువు చనిపోతే దాని కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయేవి. ఆ విధంగా ఈ దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా నశించాయి. మనుషులకని అమ్మే పెద్ద సీసాలు పశువుల దగ్గరకు చేరుతుండడంతో 2015లో ఆ సూది మందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకు పరిమితం చేశారు. 2023లో కెటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా అదే కారణంతో పశువైద్యం నుంచి తొలగించారు. కెటోప్రొఫెన్ గుర్రానికి పనిచేయదని కాదు, ఇతర దేశాలలో వాడతారు. ఇక్కడ మాత్రం అది చట్టం ఒప్పుకోని మందు, మీ గిత్తలకైనా అంతే. ఉన్న సీసాను పశువుల ఆసుపత్రిలో అప్పగించండి. రాబందులకు కీడు చేయదని తేలిన మెలోక్సికామ్ అనే నొప్పి మందు మన దగ్గర దొరుకుతుంది, గుర్రాలకూ వాడతారు, అయితే మోతాదు, రోజుల సంఖ్య డాక్టరే రాయాలి.

కండకు పొడిపించడం గురించి ఒక హెచ్చరిక. గిత్తకు మెడ మీదనో తొడ మీదనో పొడిచిన సూది చాలాసార్లు ఏమీ చేయకపోవచ్చు. గుర్రం కండ అలా ఓర్చుకోదు. శూలకు వాడే ఫ్లూనిక్సిన్‌ను గుర్రం కండకు ఇస్తే, ఒక్కొక్కసారి ఆ చోట గాలి అక్కరలేని క్లాస్ట్రీడియం సూక్ష్మజీవులు పెరిగి, కండ కుళ్లి, ఒకటి రెండు రోజులలో ప్రాణం పోతుంది. బ్యూటజోన్ సూది మందైతే సిరలోకే, అదీ మెల్లగా, ఎక్కించాలి. సిర పక్కన చిందితే ఆ చోటు కండ, చర్మం చచ్చి ఊడిపోతాయి. మెడలో సిరకు పక్కనే ధమని ఉంటుంది. పొరపాటున అందులోకి పోతే గుర్రం అక్కడికక్కడే గిలగిల కొట్టుకొని పడిపోతుంది. కాంపౌండరు గిత్తలకు చేసిన అనుభవం ఇక్కడ చాలదు. బెణికిన కాలికి బావి నీళ్లు పైపుతో పావుగంట, ఇరవై నిమిషాల పాటు రోజుకు మూడు నాలుగు సార్లు పోసి, నడక ఆపి చూడండి. రెండు రోజులలో తేడా కనబడకపోతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఉచితంగా వస్తుంది.

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ చదువుతూ గుర్రపుస్వారీ నేర్చుకొంటున్నాను. స్వారీ తరువాత గుర్రం కాళ్లకు మిరప సారం ఉన్న నొప్పి జెల్లు, కర్పూరం కలిపిన నూనె రాస్తున్నాము. పై పూతే కాబట్టి పోటీలకు ముందు కూడా రాయవచ్చునని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: పై పూత చర్మం దగ్గరే ఆగిపోదు, కొంత రక్తంలోకి చేరుతుంది, పరీక్షలో దొరుకుతుంది. మిరపలో కారాన్ని ఇచ్చే క్యాప్సైసిన్‌ను మన ప్రకాశం, గుంటూరు రైతులు టన్నులకొద్దీ పండిస్తారు గాని, గుర్రాల పోటీలలో అది నిషిద్ధం. 2008 ఒలింపిక్స్‌లో గుర్రపుస్వారీ పోటీలు హాంకాంగ్‌లో జరిగినప్పుడు, అడ్డంకులు దూకే పోటీలో వ్యక్తిగత ఫైనల్‌కు ముందు నాలుగు గుర్రాలలో ఇదే పదార్థం బయటపడి వాటిని పక్కన పెట్టారు. నార్వే జట్టు గెలిచిన కంచు పతకం కూడా ఆ దెబ్బకే పోయింది. దీనిని నిషేధించడానికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, ఇది నొప్పిని మొద్దుబరుస్తుంది. రెండవది కొంచెం క్రూరమైనది. కాళ్లకు మంట పుట్టేలా రాస్తే, అడ్డుకర్ర తగిలినప్పుడు ఓర్వలేక గుర్రం కాళ్లు పైకి ముడుచుకొని దూకుతుంది. కర్పూరం కూడా పరీక్షలలో పట్టుబడే పదార్థమే. పోటీ లేని రోజులలో కూడా పుండు ఉన్న చోట, కట్టు కింద, జీను ఒరిసే చోట ఇవి రాయకండి, రాసిన చేతులతో కళ్లెం సరిచేయకండి. స్వారీ ముగిశాక చన్నీళ్లు పోసి పది నిమిషాలు మెల్లగా నడిపిస్తే మీ జెల్లుతో పని ఉండదు.

ప్రశ్న: మార్కాపురం దగ్గర మాకు రెండు గాడిదలు ఉన్నాయి. ఒకటి వెనక కాలు ఈడుస్తోంది. గుర్రానికి ఇచ్చే నొప్పి మందునే సగం చేసి ఇస్తే సరిపోతుందా?

సమాధానం: గాడిదను పొట్టి గుర్రం అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. ఫినైల్‌బ్యూటజోన్‌ను గాడిద శరీరం గుర్రం కంటే చాలా త్వరగా ఖర్చు చేసుకొంటుంది కనుక, మోతాదు సగం చేయడం కాదు, ఎన్ని గంటలకు ఒకసారి ఇవ్వాలో డాక్టరు వేరుగా లెక్క కట్టాలి. గాడిద నొప్పిని దాచుకొనే జంతువు, కాలు ఈడ్చేదాకా వచ్చిందంటే లోపల బాధ పెద్దదే అయి ఉంటుంది. అన్నిటికంటే ముందు అది మేత తింటున్నదో లేదో చూడండి. నొప్పితో గాడిద మేత మానితే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలో నిండి, కాలేయం చెడి, కాలి నొప్పి కంటే ముందు అదే దానిని తీసుకొనిపోతుంది. ఒక పూట మేత ముట్టకపోయినా రేపు చూద్దామని ఆగకుండా పశువైద్యశాలకు తోలుకొని వెళ్లండి. తోలేటప్పుడు రెండవ గాడిదను కూడా వెంట తీసుకొని వెళ్లండి, జతను విడదీస్తే బెంగతో మేత మానేది ఇంకా పెరుగుతుంది.